చెదల పుట్టలో సైన్యం

పిల్లలూ, మీ నాన్నలో ఒక మంచి గుణం ఉంది. పడుకునే ముందు తలుపు గడియ లాగి చూస్తాను. చూసిందే మళ్ళీ చూస్తాను. మీ అమ్మ దాన్ని పిరికితనం అంటుంది. మన వీధిలో నా అంత జాగ్రత్తపరుడు లేడని ఆమెకు అసూయ. సరే, కథ వినండి.

అనగనగా ఒక అడవిలో చెదల పుట్ట ఉండేది. అందులో కూలి చెదలు మట్టి మోసేవి, సైనిక చెదలు గుమ్మం కాసేవి. సైనికుల దవడలు కొడవళ్ళలా ఉండేవి. అంతలేసి దవడలతో నమలడం కుదరదు కదా! కూలీలే ముద్ద చేసి నోట్లో పెట్టాలి. పుట్టలో పిల్లలను పెంచే దాది ఒకతి ఉండేది; ఆమె కూలి మేత పెడితే వాళ్ళు కూలీలు, సైనిక మేత పెడితే సైనికులు అయ్యేవాళ్ళు.

ఒకరోజు దళపతి గండయ్య దారిలో ఒక చీమను చూశాడు. గోడకు తల టకటకా కొట్టాడు. ప్రమాదం వస్తే వాళ్ళు చేసే చప్పుడు అదే.

"చీమలొస్తున్నాయి!"

పుట్టకు తల్లయిన రాణి హడలిపోయింది. "దాదీ, ఈ విడత పిల్లల్లో సగం మంది సైనికులే కావాలి."

దాది అలాగే చేసింది.

ఆ టకటక చీమలకూ వినబడింది. అవీ భయపడ్డాయి, కాపలా పెంచాయి. గండయ్య తొంగి చూసి మళ్ళీ తల కొట్టాడు.

"నే చెప్పలా! కాపలా పెంచారు!"

"అయితే ఈసారి ముప్పాతిక మంది," అంది రాణి.

టకటక పెరిగింది. చీమల కాపలా ఇంకా పెరిగింది. మూడోసారి రాణి, "అందరూ!" అంది.

దాది ఆగిపోయింది. "తల్లీ, మరి మట్టి మోసేదెవరు? ఈ గండయ్యకు ముద్ద పెట్టేదెవరు?"

"ముందు బతికితే కదే ముద్ద!"

"మేత కలుపుకునేదానివి, నీకేం తెలుసు యుద్ధం!" అన్నాడు గండయ్య.

దాదికీ లోపల బెదురే. చీమలు నిజంగానే వస్తే? అందరికీ సైనిక మేతే పెట్టింది.

వానలు పట్టుకున్నాయి. కొత్త కూలీలు లేరు. ఉన్నవాళ్ళు అంత సైన్యానికీ ముద్దలు చేసి చేసి కూలబడ్డారు. గోడ బీటలు వారింది. సైనికులు బీట ముందు బారులు తీరి దవడలు చాచారు. వాన భయపడలేదు.

దాది ఒక్కతే నోటితో మట్టి మోస్తోంది.

"దాదమ్మా, ఆకలి," అన్నాడు గండయ్య. ఆ గొంతులో దళపతి లేడు.

"నాకున్నది ఒక్క నోరు నాయనా. ముద్ద పెట్టనా? మట్టి పెట్టనా?"

గండయ్య గోడకు తల కొట్టబోయాడు. గోడ మెత్తగా జారిపోయింది.

చీమలా? రాలేదు. వాటి కన్నంలోనూ నీళ్ళేనట. అక్కడా మోసేవాళ్ళు మిగల్లేదట.

నీతి: కాపలా ఉండాలి, కానీ ఇంట్లో అందరూ కాపలావాళ్ళే అయితే కాయడానికి ఇల్లు మిగలదు. ఎంత కాపలా చాలో మాత్రం నాకింకా తెలియలేదు. ఉండండి, గడియ చూసొస్తాను.