తలుపు కింది అంచు

సిలార్ వేసిన రంగు మూడో ఏడు కూడా తలుపు మీంచి రాలిపోయింది.

మామూలు ఇంటి తలుపైతే అంత బాధపడేవాడు కాదు. అది సముద్రం ఒడ్డున ఖమరుద్దీన్ బాబా ఉండే దర్గా తలుపు. తనను మురీదుగా తీసుకోమని సిలార్ మొదటిసారి అడిగినప్పుడు బాబా అతని చెయ్యి పట్టుకోలేదు. గురువు ఆ చెయ్యి పట్టుకుంటేనే శిష్యరికం.

"రంగుల పనివాడివి కదా, ఈ తలుపుకి రంగు వెయ్యి. ఒక్క వానాకాలం నిలిస్తే అప్పుడు చూద్దాం" అన్నారు.

మొదటి ఏడు వార్నీషు వేశాడు. రెండో ఏడు ఎనామెల్ మూడు పూతలు వేశాడు. మూడో ఏడు పడవలకు వేసే రంగు తెచ్చి, మొహం కనపడేంత నునుపు తేల్చాడు. పనివాడి గర్వం ఎప్పుడూ ముందు వైపే ఉంటుంది. చలికాలం వచ్చేసరికి కింద నుంచి బుడగలు లేచి అదీ పెచ్చులూడింది.

చేపల బుట్టలతో పోయే ఆడవాళ్ళు "పైన పటారం, లోన లొటారం" అని నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, తన చెయ్యి అల్లాకే అక్కర్లేదేమోనన్న భయం సిలార్‌ని పట్టుకుంది.

ఎండాకాలంలో మళ్ళీ వచ్చాడు.

"ఈసారి ఏ రంగు వెయ్యాలో మీరే చెప్పండి బాబా. అదీ నిలవకపోతే ఇంక మీ గుమ్మం తొక్కను."

బాబా లేచి తలుపుకి ఒక పక్క పట్టుకున్నారు.

"రెండో పక్క నువ్వు పట్టు."

ఇద్దరూ బందులు విప్పి, తలుపుని బయటికి తెచ్చి, రెండు బల్లల మీద పడుకోబెట్టారు. బాబా వంగి కింది అంచు చూపించారు.

గడపకి ఆనుకుని ఉండే ఆ అంచుని సిలార్ ఎన్నడూ చూడలేదు. రంగులవాళ్ళెవరూ చూడరు. తలుపుని నిలబెట్టే రంగు వేస్తారు, బ్రష్షు అక్కడికి పోదు. ఒక్క చుక్క రంగు లేదు. చెక్క నల్లబడిపోయి ఉంది. వేలితో నొక్కితే, అంత ఎండాకాలంలోనూ తడి తగిలింది.



వారం రోజులు తలుపుని ఎండలోనే ఉంచారు. ఆ వారమూ బాబా తలుపు లేని గుమ్మంలో, గాలికి వచ్చి పడే ఇసుక ఊడ్చుకుంటూ గడిపారు. చెక్క బాగా ఆరాక అవిసె నూనె గోరువెచ్చగా కాచి, గుడ్డ ముంచి, కింది అంచుకి పట్టించడం మొదలుపెట్టారు. నూనె ఇట్టే ఇంకిపోయింది. మళ్ళీ పట్టించారు. అదీ ఇంకిపోయింది.

ఎప్పుడో తాతల నాడు కోసిన టేకు చెట్టు. ఇన్నేళ్ళయినా దాని దాహం తీరలేదా అని సిలార్‌కి ఒళ్ళు జలదరించింది. మూడేళ్ళుగా తను దాని మొహానికి అందం పూస్తుంటే, అది పాపం అడుగు నుంచి ఉప్పునీళ్ళు తాగుతూ నిలబడింది. బాబా నడినెత్తిన ఎండలో మోకాళ్ళ మీద కూర్చుని, పసిపిల్ల పాదాలకి రాసినట్టు ఆ అంచుకి నూనె రాస్తున్నారు. చూస్తుంటే అతనికి కళ్ళు నిండాయి.

"ఇలా ఇవ్వండి బాబా" అని గుడ్డ అందుకున్నాడు.

సాయంత్రం అసర్ నమాజు వేళకి కింది అంచు ఇంక చాలంది. నూనె ఇంకకుండా పైనే నిలిచింది.

బాబా లేచి కుడి చెయ్యి చాచారు.

"సిలారూ, చెయ్యి ఇవ్వు."

సిలార్ అటు చూడనే లేదు. తలుపు రెండో కొసకి పోయి, వంగి, వేలితో తడిమి చూస్తున్నాడు.

"కాస్త ఆగండి బాబా. పై అంచు కూడా దాహంతోనే ఉంది."

బాబా చాచిన చేతిని దించి, నూనె గిన్నె పట్టుకుని అతని వెనకాల నడిచారు.