కడుపు చుట్టాలు పోయిన మెత్తమ్మి

ఈ కథ నాకు మొదట చెప్పింది పల్లాల గురవమ్మ. మా కలప అడితిలో రంపప్పొట్టు ఎత్తేది. ఎవరి దగ్గరో విని చెప్పింది కాదు, దుంగలు చీల్చినప్పుడు లోపలి చెదల్ని తన కళ్లతో చూసి అల్లింది. ఈ సంగతి ముందే ఎందుకు రాస్తున్నానో ఆఖర్న తెలుస్తుంది.

చెదలన్నీ ఒకటి కావు. మట్టితో పుట్ట పెట్టేవి ఒక జాతి. ముక్కు కోసుగా ఉండి జిగురు చిమ్మేవి ఇంకో జాతి. పుట్ట పెట్టకుండా, దుంగ లోపలే పుట్టి దుంగ లోపలే పోయేవి వేరే జాతి. ఏది ఏదో తెలియాలంటే కాపలా చెద తల చూడాలి. మన కథ దుంగ జాతిది. ఈ ముక్క తప్పితే కథంతా తప్పుతుంది.

వాగొడ్డున ఎండిన మద్ది దుంగ ఒకటి పడి ఉండేది. దాన్నిండా చెదలే. లోపలికి ఒకటే కన్నం. ఆ కన్నానికి తన తల అడ్డం పెట్టుకుని బండతల అనే ముసలి కాపలా చెద కూర్చునేది. దానికి కళ్లు లేవు. మీసాలతో తడిమి, వాసన చూసి, మనదే అనుకుంటే తల పక్కకి జరిపేది. కాదనుకుంటే దవడలు మూసేది.

ఆ వాసన ఎక్కణ్నించి వస్తుందంటే, కడుపులోంచి. చెద చెక్క తింటుంది గాని తనంతట తాను అరిగించుకోలేదు. అరిగించేవి దాని కడుపులో కాపురముండే కంటికి కనపడని జీవులు. వాటిలో కొన్నిటిని చదువుకున్నవాళ్లు బ్యాక్టీరియా అంటారు. గురవమ్మ అన్నిటినీ కలిపి కడుపు చుట్టాలు అనేది. చెద పొర విడిచినప్పుడల్లా పాత తోలుతో పాటు ఆ చుట్టాలూ పోతాయి. అవి మళ్లీ రావాలంటే తోటిదాని వెనక నుంచి ముద్ద అడిగి తినాలి. రోత పుట్టినవాళ్లు ఇక్కడే ఆపెయ్యొచ్చు. నేను ఉన్నది ఉన్నట్టే రాస్తాను.

ఆ ఏడు గండుచీమలు దుంగ చుట్టూ చేరాయి. పగలంతా పైన కాళ్ల చప్పుడు. లోపల చెదలు నమలడం మానేసి ఆ చప్పుడే వింటూ ఉండేవి. ఆగితే ఇంకా భయం. ఒకదాన్నొకటి నమ్మడం మానేశాయి. ఎదురొచ్చిన ప్రతిదాన్నీ తడిమి చూడటమే పని.

సరిగ్గా అప్పుడే మెత్తమ్మి పొర విడిచింది. మెత్తమ్మి అంటే బండతలకి రోజూ ముద్ద పెట్టే పనిచెద. కాపలా చెద దవడలు మెడలు కొయ్యడానికే గాని చెక్క నమలడానికి పనికిరావు, ఎవరో ఒకరు నోట్లో పెట్టాలి. మెత్తమ్మి ముందు దాని గడ్డం కింద మీసంతో మెల్లగా నిమిరి, ఆ తరవాత పెట్టేది.

పొర విడిచిన ఒళ్లు తెల్లగా, పచ్చి పాలమీగడలా ఉంది. ముద్ద అడుగుదామని వస్తే ఒక్కటీ దగ్గరికి రానివ్వలేదు. వాసన లేనిది లోపలికి దూరిందని గోల చేశాయి. బండతల వెనక్కి తిరిగి అమాంతం బయటికి తోసేసింది. తాతా నేనే అని ఎంత మొత్తుకున్నా వినలేదు.

బయట పడ్డ మెత్తమ్మి బెరడు కొరికింది. కడుపు నిండింది గాని ఆకలి తీరలేదు. చుట్టాలు లేని కడుపులో చెక్క చెక్కలాగే ఉండిపోయింది. ఇలా నిండు కడుపుతోనే చస్తానని దానికి తెలిసిపోయింది. అంతలో మీద నీడ చల్లగా పడింది.

గండుచీమల్లో పెద్దది. తినెయ్యలేదు. పక్కన కూర్చుని ఎంతో ప్రేమగా, నిన్నెందుకు గెంటేశారమ్మా అని అడిగింది. భయంలో మెత్తమ్మి అడిగినదానికి జవాబు వదిలేసి, వాసన ఉంటేనే లోపలికి రానిస్తారని, ఆ వాసన కడుపు చుట్టాలదని, అది ముద్దతో వస్తుందని చెప్పేసింది. చెప్పాక గాని నాలుక కరుచుకోలేదు.

"అయితే ఆ ముద్ద నాకు పెట్టు," అంది చీమ. "నీ వాసనతో వెళ్తాను. ముసలాడు తల జరిపాడా, మెడ పట్టేస్తాను. మావాళ్లు వెనకే ఉంటారు."

"పెట్టకపోతే, పిన్నీ?"

"పిన్ని అన్నావు కాబట్టి ముందు కాళ్లు తింటాను. తల ఆఖర్న."

 అప్పుడే మెత్తమ్మికి ఒక సంగతి తట్టింది. తన కడుపులో ఇప్పుడేమీ లేదు. అది మాత్రం చీమకి చెప్పలేదు. ఉన్న ఒట్టి చెక్కపొట్టే ముద్ద చేసి పెట్టింది. చీమ మింగి, మూతి తుడుచుకుంది.

"వాసన వచ్చిందా? నాకేం తెలియట్లేదే."

"ఎవరి వాసన వాళ్లకి తెలుస్తుందా, పిన్నీ? మా తాత నీకు ఎదురొచ్చి తీసుకెళ్తాడు చూడు."

చీమ ఇంటికి వచ్చిన కోడలిలా తల వంచుకుని కన్నం దగ్గరికి వెళ్లింది. దవడల మధ్య మెడ తానే పెట్టింది. బండతల ఒక్కసారి వాసన చూసింది. టక్కున చప్పుడైంది. పెద్దదాని తల దొర్లుకుంటూ వచ్చి వెనక నిలబడ్డ చీమల కాళ్ల దగ్గర ఆగింది. దాని మీసాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఆ గుంపు మళ్లీ అటు చూడలేదు.

ఇప్పుడు మెత్తమ్మి వెళ్లాలి. అదే కన్నం, అవే దవడలు, దానికీ అదే వాసన లేని ఒళ్లు. పోయినా ఆకలితో చావడం కంటే నయమనుకుని, దవడల కిందికి దూరి, మీసంతో బండతల గడ్డం కింద నిమిరింది.

దవడలు ఆగిపోయాయి.

"ఎవరే నువ్వు?" అంది బండతల. దాని గొంతు పీలగా ఉంది. మెత్తమ్మిని గెంటిన దగ్గర్నుంచి దానికి ముద్ద పెట్టినవాళ్లు లేరు.

"వాసన చూసి చెప్పు తాతా," అంది మెత్తమ్మి.

బండతల వాసన చూడలేదు. తల పక్కకి జరిపి, చెక్కకేసి తల కొట్టి దుంగంతా మోగించింది. ముసలి పనిచెద ఒకటి పరుగున వచ్చి మెత్తమ్మికి ముద్ద పెట్టింది.

వాకిలి కాసేవాడు, తన నోట్లో ముద్ద పెట్టినవాళ్లని వాసనతో పని లేకుండా గుర్తుపట్టాలి. ఇదీ నీతి.

మా ఊరి బడి గోడ మీద ఈ కథ బొమ్మలుగా వేశారు. దుంగ ఉండాల్సిన చోట మట్టిపుట్ట వేశారు. కాపలా చెదకి కోసు ముక్కు పెట్టారు. కింద 'కథ: సూరిశెట్టి వీర్రాజు' అని రాశారు. ఈ వీర్రాజు అడితిలో నా పక్కన కూర్చుని, గురవమ్మ పంచిన అంబలి తాగుతూ ఈ కథ విన్నవాడే. చక్కటి దస్తూరీ ఉన్నవాళ్లెవరైనా వెళ్లి ఆ పుట్ట చెరిపి దుంగ వెయ్యండి, ముక్కు తీసి దవడలు పెట్టండి, ఆ పేరు కొట్టేసి పల్లాల గురవమ్మ అని రాయండి. నా అక్షరాలు వంకరగా వస్తాయి, లేకపోతే నేనే రాసేవాణ్ణి.