వాకిట ఆగని చిక్కుడు గింజ

రాజ్యం అరచేతంతా, రాజు మీసం మూరెడూ ఉన్న కాలంలో, ఒకానొక రాజ్యాన్ని ప్రచండవర్మ ఏలుతుండేవాడు. ఆయన దర్శనానికి వచ్చినవాడు ఎంతటివాడైనా సరే, ఒక రాత్రి కోట బయటి సత్రంలో పడిగాపులు పడాలి. ఆయుధాలు అక్కడే వదిలి, మర్నాడు సభకు రావాలి. కన్నకూతురిని చూడవచ్చిన రాజుగారి మామకు కూడా ఈ నియమం తప్పలేదు. "ఒక రాత్రి ఆగితేగాని వచ్చినవాడి పొగరు దిగదు" అనేవాడు రాజు.

ఒకనాడు వేటకు వెళ్లిన రాజుకు, కట్టెల మోపుతో చకచకా కొండెక్కుతున్న డెబ్బై ఏళ్ల ముసలాయన కనిపించాడు. ఏం తింటావని అడిగాడు రాజు.

"ఎర్ర చిక్కుడు గింజలు దొరా. గుప్పెడు తింటే పొద్దుగూకేదాకా ఆకలుండదు. తెల్లారితే కడుపు కూడా సుఖంగా ఖాళీ అవుద్ది."

రాజుకు రెండో మాట మరీ నచ్చింది. సింహాసనం మీద ఎంతసేపు కూర్చునేవాడో, పెరట్లోనూ అంతసేపు కూర్చోవలసి వచ్చేది పాపం.

ముసలాయన దగ్గర ఒక సంచెడు గింజలు కొని, కోటకు చేరగానే వాటిని వంటశాలకు పంపి, ఆ పూటకే వండమన్నాడు. ముప్ఫై ఏళ్లుగా అక్కడ గరిటె తిప్పుతున్న ముమ్మడమ్మ వచ్చి చేతులు జోడించింది.

"ఏలినవారు మన్నించాలి. ఇవి రాత్రంతా నానాలి. ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లనిచ్చి, మెత్తగా ఉడికించాలి. అదైనా మొదట గుప్పెడే తినాలి."

"గింజ కోసం రాజు ఆగాలా? బలమంతా దిగిన నీళ్లు పారబోస్తావా? వండు!"

కాదనేదెవరు? వండింది. అరఉడుకు గింజలను రాజు పంతం కొద్దీ రెండు గిన్నెలు లాగించాడు. తెల్లవారేసరికి ఆయన పొట్ట డోలులా బిగిసింది.

ఆ ఉదయమే పొరుగు రాజు దూత, సత్రంలో దోమలకు విందు చేసి, సభకు వచ్చాడు. ప్రచండవర్మ మీసం దువ్వాడు.

"మా అనుమతి లేనిదే ఈ సభలో ఈగ కూడా రొద చెయ్యదు."

సరిగ్గా అప్పుడే సింహాసనం మీంచి భేరి మోగినంత చప్పుడైంది.

మంత్రి పైకప్పు చూశాడు. సేనాపతి తన కాలివేళ్లు చూసుకున్నాడు. దూత మాత్రం తిన్నగా రాజునే చూశాడు.

దూత వెళ్లాడో లేదో, రాజు నిప్పులు కక్కాడు. "ఇది వంటమనిషి కుట్ర! పొద్దుగూకేలోగా అది పొలిమేర దాటాలి!"

సభలో తిప్పన అనే చమత్కారి ఉన్నాడు. చిన్ననాడే తల్లి పోతే ముమ్మడమ్మ చేతి ముద్ద తిని పెరిగినవాడు. వంటశాలకు పరుగెత్తి చూస్తే ఆమె మూట కట్టుకుంటోంది.

"ఈ పొయ్యి తప్ప నాకెవరున్నారు నాయనా?" అంది.

తిప్పన జరిగిందంతా అడిగి తెలుసుకున్నాడు. "మూట విప్పు పెద్దమ్మా" అని, మిగిలిన గింజలు దోసిట్లో పోసుకుని సభకు వెళ్లాడు.

"ప్రభూ, అసలు దోషులను తెచ్చాను. కానీ ఒక్క సందేహం. తమ మామగారు వచ్చినప్పుడు ఎక్కడున్నారు?"

"సత్రంలో. అందరిలాగే."

"వారి కత్తి?"

"అక్కడే వదిలారు. ఒక రాత్రి ఆగితేగాని పొగరు దిగదని నీకు తెలియదటోయ్?"

"నాకు తెలుసు. ముమ్మడమ్మకూ తెలుసు ప్రభూ. ఈ గింజలకు నీళ్ల కుండే సత్రం. రాత్రంతా అక్కడ ఉంచి, పొగరంతా ఆ నీళ్లలో వదిలించి, ఆ తర్వాతే లోపలికి పంపుతానంది. మామగారినే వాకిట నిలిపిన తమరు, కొండ దిగి వచ్చిన ఈ మొరటు అతిథుల్ని ఆయుధాలతో సహా కడుపులోకి రప్పించుకున్నారు. లోపల గలభా చేశాయని, ఆపబోయిన ద్వారపాలకురాలిని వెళ్లగొట్టడం ఏం న్యాయం?"

రాజు మీసం వణికింది. ఆ తర్వాత పగలబడి నవ్వాడు.

"నా నియమం నేనే తప్పానన్నమాట!"

చేతి కంకణం తీసి తిప్పనకు తొడిగాడు. ముమ్మడమ్మను పిలిపించాడు. "నువ్వెక్కడికీ వెళ్లనక్కర్లేదు. ఇకమీదట నువ్వు ఆగమంటే మేమూ ఆగుతాం."

ఆమె కళ్లు తుడుచుకుంది. "అయితే ఈ పూటకు వాము నీళ్లే ప్రభూ."

రాజు మరీ గట్టిగా నవ్వాడు. నవ్వు అదుపు తప్పింది. భేరి మళ్లీ మోగింది.

మంత్రి అలవాటుగా పైకప్పు చూశాడు.

"తల దించవయ్యా" అన్నాడు రాజు. "ఈసారి మా అనుమతితోనే మోగింది."