నాంచారమ్మ ఎడమచేతి వంటిల్లు

అనగనగా ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో కోళ్ళకంటే ముందు మగ్గాలు లేచేవి. తెల్లారీ తెల్లారకుండానే వీధి వీధంతా టకటక, టకటక. ఆ చప్పుడు ఆగిందంటే అందరూ అన్నాలకి లేచారన్నమాట. ఊఁ కొడుతున్నావా? కొట్టకపోతే నేను నిద్రపోతా, మిగతా కథ నువ్వే చెప్పుకోవాలి.

ఆ ఊళ్ళో ఒక నేతగాడి ఇల్లు. ముందు గది నిండా మగ్గం. దాని వెనకాల ఇంతే ఇంత వంటిల్లు. మగ్గం మీద మామగారు మార్కండేయులు. వంటింట్లో కోడలు నాంచారమ్మ. అందరూ నాంచారూ అనేవాళ్ళు. అటూ ఇటూ తిరుగుతూ అందరికీ పనులు పురమాయించేది అత్తగారు వీరరాఘవమ్మ. నాంచారు మొగుడు కోటయ్య నేసిన చీరలు మూట కట్టుకుని సంతలు తిరిగేవాడు. ఇంకా ఏడాది నిండని ఆడపిల్ల ఒకతి. పాకడం వచ్చిన దగ్గర్నుంచీ ఆ పిల్ల ఒక్కచోట ఉండేది కాదు. ఎక్కడ వదిలినా అమ్మ దగ్గరికే, వంటింట్లోకే.

నాంచారుకి ఎడమచేతి వాటం. పుట్టింట్లో పెరట్లో పొయ్యి, చుట్టూ బోలెడంత చోటు. ఏ చేత్తో వండినా ఎవరికీ పట్టేది కాదు. పెళ్ళయి అత్తారింటికి వచ్చేటప్పుడు మాత్రం వాళ్ళమ్మ చెవిలో చెప్పింది. "అక్కడ ఎడమచెయ్యి బయటపెట్టకే అమ్మా. తిండి దగ్గర ఎడమచెయ్యేంటి అంటారు."

నాంచారు బుద్ధిగా తలూపింది. అప్పట్నుంచీ నలుగురి ముందూ కుడిచేత్తో వడ్డించేది. ఎవరూ చూడనప్పుడు ఎడమచేత్తో వండేది. అలా రెండేళ్ళు గడిచాయి. ఇంట్లో ఒక్కరికి కూడా తెలీదంటే నమ్ముతావా? పళ్ళెంలో కూర ఎలా ఉందో చెప్తారు గానీ, వండిన చెయ్యి ఏదో ఎవరు చూస్తారు?

చిక్కల్లా గంజి దగ్గర వచ్చింది. నేతవాళ్ళింట్లో గంజి పారబొయ్యరు. మగ్గానికి ఎక్కించే నూలు తెగకుండా ఉండాలంటే దానికి గంజి పట్టించాలి. అందుకని రోజూ పెద్ద కుండలో నీళ్ళు ఎక్కువ పోసి అన్నం వండేవాళ్ళు. ఉడికాక మసిగుడ్డతో కుండ పట్టుకుని, మూత అదిమిపట్టి, గంజిని తొట్టిలోకి వార్చాలి. ఆ వంటింట్లో పొయ్యి ఎడమ గోడకి అంటుకుని ఉండేది. తొట్టి కుడిపక్కన, గుమ్మం దగ్గర. కుడిచేతివాటం వాళ్ళకి బాగానే ఉంటుంది. నాంచారు కుండ ఎత్తేసరికి ఎడమ మోచెయ్యి గోడకి తగిలేది. ఒళ్ళంతా మెలితిప్పి కుడివైపుకి తిరగాల్సివచ్చేది. వారానికి ఒకసారైనా గంజి ఒలికేది.

ఒలికింది తన కాళ్ళ మీద పడితే ఓర్చుకునేది. కానీ ఇప్పుడు ఆ గుమ్మంలోంచి పిల్ల పాక్కుంటూ వస్తోంది. సలసల కాగే గంజి, అంత లేత ఒళ్ళు. రోజూ కుండ ఎత్తే ముందు నాంచారు వెనక్కి ఒకసారి చూసేది, మళ్ళీ చూసేది, మూడోసారి కూడా చూసేది. అన్నం వండటానికి అంత భయపడిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఒకరోజు గంజి ఒలికి పొయ్యి ఆరిపోయింది. అప్పుడు వీరరాఘవమ్మ, "నీకు చెయ్యి కుదురు లేదే నాంచారూ. పిల్లని కాల్చేస్తావు," అంది. ఆ మాట నాంచారుకి కుండ కంటే ఎక్కువ చురుక్కుమంది.

సాయంత్రం కోటయ్య సంత నుంచి వచ్చి సంగతంతా విన్నాడు. "వంటిల్లు ఇరుకైపోయింది, అంతే," అని తేల్చేశాడు. మర్నాడు బియ్యం బానలూ పప్పు డబ్బాలూ అన్నీ నేల మీంచి తీసి, పైన చెక్క అటక కొట్టి దాని మీద సర్దేశాడు. వంటిల్లు ఎంత విశాలంగా కనిపించిందో. కోటయ్య దానికేసి మురిసిపోతూ చూసుకుని, భోంచేసి, మళ్ళీ సంతకి వెళ్ళిపోయాడు.

మూడో రోజు గంజి ఒలికింది. ఒలకదూ మరి? గోడ అక్కడే, తొట్టి అక్కడే. పైగా చేటెడు పప్పు కావాలన్నా నాంచారు పీట ఎక్కాల్సివచ్చింది.

ఆ తర్వాత వీరరాఘవమ్మ కొంగు బిగించింది. "మగాళ్ళకేం తెలుసు వంటింటి సంగతి," అని తనే మట్టి కలిపి, పొయ్యికీ గుమ్మానికీ మధ్య మోకాలెత్తు పిట్టగోడ పెట్టింది. "ఇక పిల్ల ఎలా వస్తుందో చూస్తా," అంది. నాలుగు రోజులు పిల్ల గోడ అవతలే కూర్చుని ఏడ్చింది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు.

ఐదో రోజు పిల్ల ఏడుపు మానేసింది. గోడ పట్టుకుని లేచి నిలబడింది. అంతకుముందు నిలబడటం రాని పిల్ల, ఆ గోడ ఉండబట్టి నేర్చుకుంది. గోడ మీంచి మొహం ఇవతలకి పెట్టి, అమ్మని చూసి నవ్వింది. వీరరాఘవమ్మ మనవరాలు నిలబడిందని సంబరపడాలో, ఎందుకు నిలబడిందా అని తల పట్టుకోవాలో తెలీక అలా చూస్తూ ఉండిపోయింది. నాంచారుకి మాత్రం చెమటలు పట్టాయి. ఇదివరకు పిల్ల నేల మీద ఉండేది. ఇప్పుడు మొహమే తొట్టి దాకా వచ్చింది.

ఆ తర్వాత తాపీ మేస్త్రిని పిలిపించారు. అతని పేరు సన్యాసయ్య. పట్నంలో నాలుగిళ్ళు కట్టాడట, అందుకని చేతిలో పని కంటే నోట్లో మాటలెక్కువ. "ఇప్పుడు పట్నంలో ఎవరూ కింద కూర్చుని వండట్లేదు పెద్దమ్మగారూ. నిలబడి వండే గట్టు కడతాను, చూడండి," అన్నాడు.

నాంచారు తలుపు చాటు నుంచి మెల్లిగా అడిగింది. "తొట్టి ఈ పక్కన కడితే బాగుంటుందేమో."

"తొట్టి ఎప్పుడూ కుడిపక్కనే ఉంటుందమ్మా," అన్నాడు మేస్త్రి.

ఎందుకు అని అతను అడిగినా బాగుండేది. అడగలేదు. నాంచారు చెప్పలేదు. అప్పుడు మేస్త్రి నున్నగా, ఎత్తుగా గట్టు కట్టాడు. పొయ్యి ఎడమ గోడకే, తొట్టి కుడిపక్కనే, కాకపోతే రెండూ నడుమెత్తుకి లేచాయి. వీధిలో వాళ్ళందరూ వచ్చి చూసి, గట్టు మీద చెయ్యి వేసి నిమిరి, అదృష్టవంతురాలివే నాంచారూ అని వెళ్ళారు.

మర్నాడు పొద్దున్న మార్కండేయులు నూలు పరుచుకుని గంజి కోసం చూస్తున్నాడు. ఎంతకీ రాకపోయేసరికి తనే లేచి వచ్చాడు. ఆ ఇంట్లో ఆయన వంటింటి గుమ్మం దాకా రావడం అదే మొదలు. సరిగ్గా అప్పుడే నాంచారు కుండ ఎత్తింది. మోచెయ్యి గోడకి కొట్టుకుంది. కుండ ఒరిగింది. నడుమెత్తు నుంచి గంజి దబ్బున కిందపడి చుట్టూ చిమ్మింది. పిట్టగోడ పట్టుకుని పిల్ల నిలబడి ఉంది. గోడ మీంచి అవతలకి చిమ్మిన గంజి ఆ పిల్ల పాదానికి జానెడు దూరంలో ఆగింది.

పిల్లేమో అదేదో ఆట అనుకుని చప్పట్లు కొట్టింది. నాంచారు పిల్లని ఎత్తుకుని నేల మీద కూలబడిపోయింది. వీరరాఘవమ్మ పరుగెత్తుకొచ్చి, "మళ్ళీ ఒలకబోశావా," అని మొదలుపెట్టింది.

మార్కండేయులు భార్యని చేత్తో ఆపాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "అమ్మాయీ, పిల్లని మీ అత్తకిచ్చి ఖాళీ కుండ పట్టుకో. ఇందాక ఎలా వార్చావో అలా చెయ్యి," అన్నాడు.

నాంచారు కుడిచెయ్యి ముందుకి పెట్టి పట్టుకుంది.

"అలా కాదు. ఇందాకటిలా."

అప్పుడు నాంచారుకి ఏడుపు తన్నుకొచ్చింది. "మావయ్యగారూ, నాది ఎడమచెయ్యి," అంది. రెండేళ్ళుగా దాచిన మాట అలా బయటపడింది.

మార్కండేయులు గోడకేసి చూశాడు, తొట్టికేసి చూశాడు, కోడలి మోచేతి మీద కమిలిన చోటు చూశాడు. "మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంట తవ్వేముందు నన్ను నేల మీద కూర్చోబెట్టి, కాలు ఎంతవరకూ అందుతుంది, చెయ్యి ఎంతవరకూ సాగుతుంది అని కొలిచారు. ఇంకొకడి గుంటలో కూర్చోబెడితే నేను బెత్తెడు గుడ్డ కూడా నెయ్యలేను. అటక కట్టాం, గోడ కట్టాం, గట్టు కట్టాం. రెండు పూటలా ఇక్కడ నిలబడే మనిషిని ఒక్కళ్ళం కూడా కొలవలేదు. తప్పు మాది."

వీరరాఘవమ్మ పిల్లని ఒళ్ళో వేసుకుని అక్కడే చతికిలబడింది. "నాతో ఒక్కమాట చెప్పొచ్చు కదే," అంది.

"తిండి దగ్గర ఎడమచెయ్యేంటి అంటారని చెప్పలేదు అత్తయ్యా."

"అనేదాన్నే. ఎందుకనను?" అంది వీరరాఘవమ్మ. పిల్ల పాదం రెండు చేతుల్లోకి తీసుకుంది. "దీని కాలు కాలాక మానేసేదాన్ని." అని కళ్ళు తుడుచుకుంది. పెద్దవాళ్ళు అంత నిజం ఒప్పుకోవడం చాలా అరుదు, అందుకే ఆవిడంటే నాకు అంత ఇష్టం.

ఆ తర్వాత మార్కండేయులు మగ్గం మీంచి ఒక నూలు పోగు తెచ్చాడు. నాంచారుని వంటింటి మధ్యలో నిలబెట్టాడు. నేల నుంచి మోచేతి దాకా ఒక కొలత, పోగుకి ఒక ముడి. ఎడమచెయ్యి చాపితే ఎంత దూరం, ఇంకో ముడి. కుండ వంచేటప్పుడు మోచెయ్యి ఎంత బయటికి వస్తుంది, మూడో ముడి. ఆ మూడు ముళ్ళ పోగు మేస్త్రి చేతిలో పెట్టాడు. "దీని ప్రకారం కట్టు. నీ పట్నం కొలతలు నీ దగ్గరే ఉంచుకో," అన్నాడు.

మేస్త్రి మొహం మాడ్చుకున్నాడు గానీ పని మాత్రం శ్రద్ధగా చేశాడు. గట్టు ఒక బెత్తెడు దిగింది. పొయ్యి కుడివైపుకి జరిగింది, ఎడమ మోచెయ్యి ఆడేంత చోటు వదిలి. తొట్టి ఎడమపక్కకి, గుమ్మానికి దూరంగా వెళ్ళింది. తొట్టి అడుగున గోడకి బెజ్జం పెట్టి గొట్టం దూర్చారు. వార్చిన గంజి వార్చినట్టే గోడ అవతల, నూలు పరిచే చోట ఉన్న కుండలోకి పోతుంది. అటక మీది డబ్బాలు చేతికందే గూట్లోకి దిగాయి. పిట్టగోడ తీసేశారు. "పొయ్యి ముఖం తూర్పుకే ఉందిగా?" అని వీరరాఘవమ్మ అడిగింది. తూర్పుకే ఉంది, పైగా ఆగ్నేయం మూలకి చేరింది. దాంతో ఆవిడ మనసు కూడా కుదుటపడింది.

కొత్త పొయ్యికి పసుపు రాసి, బొట్టు పెట్టి, పాలు పొంగించారు. అప్పుడు నాంచారు అన్నం కుండ పొయ్యి మీద పెట్టింది. ఉడికాక మసిగుడ్డ తీసుకుంది, ఎడమచెయ్యి ముందుకి పెట్టి కుండ ఎత్తింది. మోచేతికి ఏమీ తగల్లేదు. ఒళ్ళు తిప్పాల్సిన పని లేదు. చిన్నగా వంచింది. గంజి చప్పుడు లేకుండా జారి గోడలోకి వెళ్ళిపోయింది.

గోడ అవతల నుంచి మార్కండేయులు గొంతు వినిపించింది. "వచ్చిందమ్మా, ఒక్క చుక్క పోకుండా వచ్చింది."

కుండ దించాక గానీ నాంచారుకి తట్టలేదు. ఇవాళ తను వెనక్కి ఒక్కసారి కూడా చూడలేదు. తిరిగి చూస్తే పిల్ల గుమ్మంలో కూర్చుని, అత్తగారి కొంగు నోట్లో కుక్కుకుని చప్పరిస్తోంది. నాంచారు గట్టుకి ఆనుకుని తనివితీరా ఏడ్చింది. ఎన్నాళ్ళ బరువో దిగిపోయినట్టయింది. వీరరాఘవమ్మ వద్దనలేదు, ఏడవనిచ్చింది.

ఆ పూట నాంచారు ఎడమచేత్తోనే అన్నం వడ్డించింది. ఎవరూ ఏమీ అనలేదు. కోటయ్య మాత్రం రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. ఆ తర్వాత ఒకసారి నాంచారుకి జ్వరం వస్తే వీరరాఘవమ్మ ఆ వంటింట్లో వండబోయింది. కుడి మోచెయ్యి అన్నిటికీ తగిలించుకుని, పులుసులో గరిటె జారవిడుచుకుని, "అబ్బా, నువ్వు ఇలాగే అవస్థపడ్డావటే రెండేళ్ళూ," అని మంచం దగ్గరికొచ్చి కోడలి తల నిమిరింది.

అయిపోయిందా అంటావేం, ఇంకొంచెం ఉంది. ఇలా చెయ్యి ఇయ్యి. ఇదుగో, ఈ పాదం పట్టుకుని చూడు. ముడతలుంటే ఉండనీ, పగుళ్ళుంటే ఉండనీ. కాలిన మచ్చ ఒక్కటైనా తగిలిందా? లేదు కదూ. గుమ్మంలో కూర్చుని కొంగు చప్పరించిన పిల్లని నేనే. నాంచారమ్మ మా అమ్మ.

గంజి వెళ్ళె కుండకి,
బువ్వ వెళ్ళె బొజ్జకి,
కథ వెళ్ళె కంచికి,
కన్నులేమో నిద్రకి.