కనుమకు ఇటువైపు ఎండ

ఇందసార స్థవిరుడికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు "నీళ్ళు తాగావా?" అనేవాడు. తాగలేదంటే కుండ దగ్గరికి పంపేవాడు. చాలామంది ఆ కుండ దగ్గరే ప్రశ్న మరిచిపోయి వెళ్ళిపోయేవారు. ఆయనకు అదే హాయి. అప్పటికే ముసలివాడు, మాట్లాడే ఓపిక తక్కువ.

ఆయన ఆరామం సింహళ ద్వీపంలో, నడిమి కొండల తూర్పు వాలు మీద ఉంది. అది వర్షావాస కాలం. అంటే వానలు కురిసే మూడు నెలలూ భిక్షువులు దూరప్రయాణాలు మాని ఒకేచోట ఉండాలి. ఆషాఢ పున్నమికి మొదలుపెట్టమని శాస్త్రం చెప్పింది, మొదలుపెట్టారు. వాన మాత్రం శాస్త్రం చదవలేదు. ఆ దేశం చూడటానికి చిన్నదే గాని, నడుమ కొండలు అడ్డం నిలబడి దాన్ని రెండు లోకాలు చేశాయి. నైరుతి గాలి తెచ్చిన నీళ్ళన్నీ పడమటి వాలు మీదే కుమ్మరించి, ఇటు దిగేసరికి వట్టి వడగాడ్పు అవుతుంది. తూర్పువాళ్ళకు మంచి వాన చూడాలంటే కార్తీకం వచ్చి గాలి ఈశాన్యానికి తిరగాలి. అందాకా వాళ్ళు దుమ్ములోనే వర్షావాసం చేస్తారు.

ఆ దుమ్ము ఊడ్చి ఊడ్చి విసిగిపోయిన రేవతుడనే శిష్యుడు ఒక మధ్యాహ్నం చీపురు పక్కన పెట్టి గురువు ముందు కూర్చున్నాడు. అతను పడమటి వాలు నుంచి వచ్చినవాడు.

"భంతే, నాతోపాటు చీవరం కట్టి భిక్షువులైనవాళ్ళకు బుద్ధుడికి వందన చేస్తుంటేనే కళ్ళు చెమరుస్తాయి. నేనూ వాళ్ళు చేసినవే చేశాను. నాకు లోపలంతా ఎండిపోయింది. మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడుపు రాలేదు. నేనిందుకు పనికిరానేమో. పున్నమి వెళ్ళాక చీవరం విప్పేసి ఇంటికి పోతాను." అతని గొంతులో కోపం లేదు. కోప్పడటానికి కూడా కొంచెం సత్తువ కావాలి కదా.

"నీళ్ళు తాగావా?"

"తాగాను భంతే."

"అయితే విను," అని స్థవిరుడు నిట్టూర్చి, తన చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాడు.

కింది ఊరికి రన్ మెణికే అనే అమ్మాయి కొండ అవతలి నుంచి కోడలుగా వచ్చింది. జ్యేష్ఠంలో కొండ నెత్తిన మబ్బులు కమ్మాయి, పైనెక్కడో ఉరిమింది, ఏట్లో ఎర్రనీళ్ళు దిగాయి. పుట్టింట్లో అది విత్తుల కాలం. అత్త వారిస్తున్నా వినక, ఇంట్లో విత్తనానికి దాచిన రాగులన్నీ తీసుకెళ్ళి పోడులో చల్లేసింది. ఆ మబ్బు కొండ దిగలేదు. గాలి మాత్రం దిగింది. మొలిచిన నాలుగు మొలకలూ మాడిపోయాయి. మబ్బులో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకుందని ఊరు నవ్వింది. నవ్వితే భరించేదే, కానీ ఆమె చెయ్యి మంచిది కాదన్నారు. ఇరుగుపొరుగు ఏటి నీటితో నారు పోస్తుంటే ఆమెను గట్టు మీదే ఆపేసేవారు. కొన్నాళ్ళకు ఆ మాట ఆమే నమ్మింది. భాద్రపదంలో బట్టలు మూటగట్టుకుని పుట్టింటికి బయలుదేరింది.

కొండ దాటే దారిలో, కనుమ దగ్గర యాత్రికుల చావడి ఉంది. ఇందసారుడు అప్పుడు అక్కడే కూర్చుని ఉన్నాడు. చావడికి పడమటి గుమ్మంలో వాన, తూర్పు గుమ్మంలో ఎండ. ఆమె ఎండలోంచి లోపలికి వచ్చింది. అదే వేళకు తలమీద పెద్ద గోనెసంచి పెట్టుకుని, నిలువునా తడిసిన మనిషి ఒకడు అటు గుమ్మంలోంచి వచ్చాడు. చూస్తే ఆమె అన్న కిరి బండా.

"ఎక్కడికే చెల్లీ?"

"ఇంటికే అన్నా. నా చేత్తో ఏదీ బతకదట. ఆ ఎండలో నేనిక ఉండలేను." అని ఆమె గోడకు ఆనుకుని ఏడ్చింది.

అతను సంచి దించి, మూతి విప్పి, పిడికెడు ధాన్యం తీసి చూపించాడు. గింజలకు తెల్లగా మొలకలు వస్తున్నాయి. కోత కోసిన దగ్గర్నుంచి వాన తెరిపివ్వలేదట. ఆరబెట్టడానికి చాపంత పొడినేల లేదట. "ఇంకో రెండ్రోజులు ఇలాగే ఉంటే ఏడాది తిండి గంగపాలే. మిగతా సంచులతో నాన్న వెనకాల ఎక్కి వస్తున్నాడు. నీ వాకిలి ఉందిగదా అని వచ్చామే తల్లీ," అన్నాడు.

ఆమె చాలాసేపు ఆ మొలకల వంక చూసింది. తర్వాత మూట చంకన పెట్టుకుని, "తొందరగా దిగు అన్నా, ఎండ ఉండగానే పరవాలి," అంటూ వచ్చిన దారినే ముందు నడిచింది.

స్థవిరుడు అంతటితో ఆపేశాడు. గురువు ఇంకేమైనా చెబుతాడేమోనని రేవతుడు చూశాడు. ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. అప్పుడే కింది ఊరి మనిషి ఒకడు రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"స్వామీ, మా అన్న కొడుకు పోయాడు. పదహారేళ్ళవాడు. అన్న పొద్దుట్నుంచి గుమ్మంలో కూర్చుని లేవడంలేదు. పలకరించబోతే మాకే ఏడుపు ముంచుకొస్తోంది. మీరెవరైనా రావాలి."

స్థవిరుడు కళ్ళు తెరిచి రేవతుడి వైపు చూశాడు.

"నేనా భంతే? నేను వెళ్ళి ఏం చెయ్యను? నాకు కన్నీళ్ళు కూడా రావు."

"ఆ ఇంట్లో కన్నీళ్ళకు కొదవ లేదు నాయనా. వెళ్ళి ఆయన పక్కన కూర్చో," అన్నాడు స్థవిరుడు.