నూకరాజు ఒప్పుకున్న పని

ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు కోదండపాణి మాస్టారికి లేదు. "ఉండు, చూద్దాం" అంటూ అడిగినవాళ్లను తన పనిలోకి లాక్కునేవారు. కాగితం మీద గీసిన వస్తువును కార్ఖానాలో సరుకుగా తయారు చేయించడంలోనే ఆయన జీవితమంతా గడిచింది. ఉద్యోగం మానేశాక కూడా విశాఖలోని కుర్ర ఇంజనీర్లు ఆయన ఇంటి వరండాను వదల్లేదు. వాళ్లలో సౌగంధి ఒకతె.

ఆ సాయంత్రం ఆమె వస్తూనే కుర్చీలో కూలబడింది.

"చేతకానప్పుడు చేతకాదని చెప్పొచ్చు కదా మాస్టారూ? ఎందుకు ఒప్పుకున్నాడు?"

ఎవరి గురించో ఆయనకు తెలుసు. సౌగంధి ఒక కృత్రిమ పాదాన్ని రూపొందించింది. కాలు పోయిన కూలీలు కూడా పొలం బురదలో జారకుండా నడవాలన్నది ఆమె పట్టుదల. గాజువాక ఆటోనగర్‌లో, చిన్న షెడ్డులో రబ్బరు సామాన్లు అచ్చుపోసే నూకరాజు దాని మొదటి నమూనాను ప్రాణం పెట్టి చేసిచ్చాడు. దాన్ని తొడుక్కుని ఒకాయన గట్టు మీద నడిచి చూపిస్తే సౌగంధి కళ్లు చెమర్చాయి. పాదాలు పంచే శిబిరానికి తేదీ ఖాయమైంది. సరుకంతా నూకరాజుకే అప్పగించింది. ఇస్తానన్నాడు, అన్న గడువుకి ఇచ్చాడు.

వానలు మొదలయ్యేసరికి ఆ పాదాలు మడమ దగ్గర చీలిపోసాగాయి. అప్పలనరసమ్మ అనే కూలీ మనిషి నాట్లు వేస్తూ పడి, తుంటి విరిగి మంచం పట్టింది. సౌగంధి సరుకంతా వెనక్కి రప్పించి, పని వేరేవాళ్లకు మార్చింది. ఆ దెబ్బకు నూకరాజు తన రబ్బరు అచ్చుపోసే ప్రెస్సు అమ్ముకుని షెడ్డు మూసేశాడు. జరిగిందేమిటో ఆ తరవాత బయటపడింది. రబ్బరు అచ్చులో నిదానంగా ఉడకాలి. నమూనాను అలాగే ఉడికించాడు. గడువు తరుముకొస్తుంటే మిగతావాటిని పూర్తిగా ఉడక్కముందే అచ్చు విప్పేశాడు.

"ఉన్నది ఒకటే ప్రెస్సు. ఆ గడువులో కుదరదని అతనికి మొదటిరోజే తెలుసు. ఒక్క మాట చెప్పుంటే శిబిరం వాయిదా వేయించేదాన్ని. ఆమె పడేది కాదు" అంది సౌగంధి.

మాస్టారు విన్నారు. "రేపు పైడిభీమవరంలో ఒక కార్ఖానాలో పోత పని చూసి రావాలి. నాకు చూపు సరిగ్గా ఆనడం లేదు. పొద్దున్నే కారు తీసుకుని వచ్చెయ్" అన్నారు.

"అలాగే మాస్టారూ" అంది.

మర్నాడు పోత పని చూడటం, అక్కడివాళ్లు భోజనానికి పట్టుబట్టడం, అన్నీ అయ్యేసరికి పొద్దు వాలింది. తిరుగు దారిలో సౌగంధి ఫోన్ ఆగకుండా మోగుతోంది. ఆమె తీయడం లేదు.

"తియ్యమ్మా, ఏం అవసరమో" అన్నారు మాస్టారు.

కారు పక్కకు ఆపి తీసింది. అవతల కూతురు చిన్మయి ఏడుపు మాస్టారికి కూడా వినిపించింది. ఆ రోజు బడిలో నాటకం. చిన్మయి రాణి వేషం కట్టింది. ముందు వరసలో అమ్మ కోసం ఉంచిన కుర్చీ చివరిదాకా ఖాళీగానే ఉండిపోయింది.

"ఇవాళే నాటకమని నిన్న నాతో అనలేదేం?" అన్నారు మాస్టారు.

"మీరు అడిగాక కాదని ఎలా అంటాను?"

ఆయన ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నారు.

"నేను అడగలేదమ్మా. వచ్చెయ్ అన్నాను. నీకు వీలవుతుందో కాదో అన్న ఆలోచనే నాకు రాలేదు" అన్నారు. ఆ గొంతులో అంత బాధ సౌగంధి ఎన్నడూ వినలేదు.

ఆమె కారు తీయలేదు. స్టీరింగు మీద చేతులు ఉన్నచోటే ఉండిపోయాయి. నూకరాజు షెడ్డు గుర్తొచ్చింది. నమూనాను గుండెకు హత్తుకుని, "శిబిరంలోపు అన్నీ ఇలాగే వచ్చేస్తాయి కదా!" అంటూ తను గడప దాటేసింది. "అలాగేనమ్మా" అన్న మాట వీపు వెనక వినబడింది. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖం ఎలా ఉందో తను చూడలేదు.

ఇంటికి చేరేసరికి చిన్మయి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నెత్తిమీద కాగితపు కిరీటం ఇంకా తీయలేదు. తల్లి ఎంత పిలిచినా ఇటు తిరగలేదు.

ఆ ఆదివారం సౌగంధే మాస్టారిని వెంటబెట్టుకుని నూకరాజును వెతుక్కుంటూ వెళ్లింది. అతను కూర్మన్నపాలెంలో ఒక అపార్ట్‌మెంటుకు కాపలా ఉంటున్నాడు. ఆమెను చూడగానే గభాలున లేచి, కుర్చీలు తుడిచి వేశాడు.

"గడువు చాలదని నాతో ఎందుకు అనలేదండీ?" అంది. ఈసారి ఆ మాటలో కోపం లేదు.

"అందామనే అనుకున్నానమ్మా. ఆ పాదం పట్టుకుని మీరు అంత సంబరంగా ఉంటే నోరు రాలేదు" అన్నాడు. మళ్లీ తనే, "రబ్బరు పచ్చిగా ఉందని నా చేతికి తెలుస్తూనే ఉంది. ఆ నరసమ్మగారు ఎలా ఉన్నారమ్మా?" అని అడిగాడు.

"కర్ర సాయంతో నడుస్తున్నారు. ఇక పొలం పనికి వెళ్లలేరు."

నూకరాజు తల వంచుకున్నాడు. లోపలికి వెళ్లే కారు ఒకటి హారన్ కొడితే, వెళ్లి గేటు తీసి వచ్చాడు.

"తప్పు మీ ఒక్కరిదే కాదండీ. నేను మిమ్మల్ని అడగనే లేదు" అంది సౌగంధి. ఆపైన ఉండబట్టలేక, "ఇప్పుడు మడమ మార్చి కొత్తగా గీశాను. ఇది మాత్రం మీ చేతి మీదే రావాలి" అంది.

"చేస్తానమ్మా" అన్నాడు నూకరాజు, ఆమె మాట ఇంకా పూర్తి కాకుండానే, ప్రెస్సు లేదన్న సంగతి ఎత్తకుండానే.

సౌగంధి ముఖం విప్పారింది. కారులో ఉన్న కొత్త నమూనా తేవడానికి గబగబా లేచింది. మాస్టారు చేయి అడ్డం పెట్టి ఆపారు.

"కూర్చో అమ్మా. ఆయన ఇంకా జవాబు చెప్పలేదు."