సుంకమ్మ ఉతికిన గుడ్డ

ఎడమకంటి శుక్లం తీయించుకుని వచ్చిన మూడో నాటికి కూడా దాదావలి కోపం చల్లారలేదు. ఆ కోపం చాకలి సుంకమ్మ మీద.

సూఫీ గురువు కరీముల్లా షా ఆశ్రమంలో ఎవరు వచ్చినా ఒకే వరుసలో కూర్చోబెట్టి అన్నం పెడతారు. పళ్లేల కింద పొడవాటి తెల్లగుడ్డ పరుస్తారు. ముప్పై ఏళ్లుగా ఆ గుడ్డను పరిచి, తీసి, మడిచేది శిష్యుడు దాదావలి. ఉతికేది సుంకమ్మ.

ఏడాదిగా ఆ గుడ్డ అతనికి పసుపు పట్టినట్లు కనిపిస్తోంది. ఆమె చవుడుమట్టి పెట్టి ఉడకబెట్టింది. నీలిమందు వేసింది. ఒక్క గుడ్డనే మూడేసిసార్లు ఉతికింది. ఆమె చేతులు పగిలాయి కాని, అతని మనసు నిండలేదు.

రెండు నెలల కిందట, పంక్తిలో అందరూ చూస్తుండగా, అతడు ఆ గుడ్డను ఆమె కాళ్ల ముందుకు విసిరాడు.

"ఎవరెవరి మురికితోనో కలిపి ఉతుకుతున్నావు! దేవుడి పేరున అన్నం పెట్టే గుడ్డ ఇది. ఇక ఈ గడప తొక్కకు!"

"నా చేతిలో తప్పు లేదు, సాయిబూ. ఇంకెవురికన్నా చూపించు," అన్నది సుంకమ్మ.

"తెల్లగానే ఉంది కదా, వలీ," అన్నారు గురువు. అది ఆయన దయాగుణమనుకుని దాదావలి ఆ మాటను పక్కన పెట్టాడు.

గురువు రెండుసార్లు కబురు పంపినా ఆమె రాలేదు. "పొమ్మన్న నోరే రమ్మనాల," అని చెప్పి పంపింది. అప్పటినుంచి వట్టి చాపల మీదే వడ్డన సాగుతోంది.

"ఎంత పొగరు!" అని దాదావలి ఇప్పటికీ పళ్లు కొరుకుతూనే ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం గురువు అతని నల్లద్దాలు తీసి, రోజూ వేసినట్లే కంట్లో మందుచుక్కలు వేశారు. తరువాత పెట్టె తెరిచి, గుడ్డను తీసి వసారాలో పరిచారు.

దాదావలి కళ్లు విప్పి చూశాడు. కొత్తగా సున్నం కొట్టిన గోడలా మెరిసిపోతోంది గుడ్డ. ఆ తెలుపులో సన్నని నీలిమందు జాడ కూడా తెలుస్తోంది.

"చూశారా హజ్రత్! ఎవరో మంచి పనివాళ్లు దొరికినట్లున్నారు. ఇన్నాళ్లూ ఆమె మనల్ని మోసం చేసింది. పిలిపించి నిలదీయాలి!"

 గురువు తన అరచేతిని, తగలకుండా, అతని ఎడమకంటికి అడ్డం పెట్టారు.

ఇంకా శుక్లం తీయని కుడికంటికి ఆ గుడ్డ పసుపునీళ్లలో ముంచి తీసినట్లు కనిపించింది.

చేయి తీశారు. తెలుపు. మళ్లీ అడ్డం పెట్టారు. పసుపు.

"హజ్రత్," అన్నాడు దాదావలి. అతని గొంతు తగ్గింది. "దీన్ని ఎవరు ఉతికారు?"

"ఆ రోజు నువ్వు విసిరిన గుడ్డే. నేనే ఎత్తి పెట్టెలో దాచాను. ఆ తరువాత దానికి నీళ్లు తగల్లేదు."

 దాదావలి గుడ్డను అంచుకు అంచు కలిపి మడిచి, చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడ ఆగాడు.

"నెలరోజులు తల వంచకూడదన్నాడు డాక్టరు. ఆమె ముందుకు ఎట్లా పోను, హజ్రత్?"

గురువు గొంతులో, ముప్పై ఏళ్లలో అతడు ఎన్నడూ వినని కరకుదనం పలికింది.

"మోకాళ్లు వంచకూడదని కూడా చెప్పాడా?"